పొయ్యిలో కాలని కాగితం

పోయిన వారం మిమ్మల్ని మా అక్క ఇంటి ముందు, ఆపిన కారులో, నా పక్క సీట్లో కూర్చోబెట్టి వదిలేశాను. వారమంతా అక్కడే బిగుసుకుపోయి ఉంటారు, క్షమించండి. ఇక దిగుదాం. దిగే ముందు, ఇవాళే వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు నోరీన్. సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో షోర్‌లైన్ అని ఒక వారపత్రిక ఉంది. ఎన్నికల రోజుల్లో అందులో నేనొక శీర్షిక రాస్తాను. వాషింగ్టన్‌లో కూర్చోవాలని పోటీ పడేవాళ్లకి ఏ ప్యాక్ ఎంత పెట్టిందో వెతికి, పట్టిక వేసి, కింద నాలుగు మాటలు అంటిస్తాను. ప్యాక్ అంటే కంపెనీలూ సంఘాలూ తమ మనుషుల దగ్గర చందాలు పోగేసి ఎన్నికల్లో ఖర్చు పెట్టడానికి నడిపే కమిటీ. దాని పేరులో కంపెనీ వాసన ఉండాలని లేదు. కానీ పెట్టిన ఖర్చుకి ఎన్నికల కమిషన్‌కి లెక్క చెప్పాలి, ఆ లెక్క ఎవరైనా చూడొచ్చు. చూసే ఓపిక మా చుట్టుపక్కల నాకొక్కదానికే ఉంది.

ఈసారి మా వైపు నుంచి ప్రతినిధుల సభకి నిలబడింది ట్రూడీ బెల్‌రోజ్, హైస్కూల్లో సైన్సు టీచరు. సరస్సు పక్కన రాగి గని తవ్వుతామంటున్న గ్రే హెరన్ కంపెనీ డబ్బు ఒక్క సెంటు కూడా ముట్టనని ఆవిడ ఊరూరా మాటిచ్చింది. ఆ ప్రచారానికి కోశాధికారి మా అక్క ఐలా. జీతం లేదు, తలనొప్పి మాత్రం నిండుగా ఉంది. ప్రతి లెక్క కిందా అక్క సంతకమే ఉంటుంది, తేడా వస్తే జవాబు చెప్పాల్సిందీ అక్కే.

శుక్రవారం నేను బెటర్ షోర్ కమిటీ లెక్కలు తీశాను. పేరు చక్కగా ఉంది కదా? తీగ లాగితే గ్రే హెరన్ వాళ్లదని తేలింది. అందులో ట్రూడీ బెల్‌రోజ్ పేరుకి ఎదురుగా నలభై ఏడు వేల డాలర్లున్నాయి. అభ్యర్థి చేతికిచ్చేదైతే చట్టం ఎన్నికకి ఐదు వేల దగ్గర గీత గీసింది. దాన్ని ఇంతలా దాటిందంటే, చేతికివ్వకుండా పక్కనుంచి ఆవిడ తరఫున ఖర్చు పెడుతున్నారని అర్థం చేసుకున్నాను. బయటికి ఒట్టు, లోపల ఒప్పందం. మా అక్కకి తెలియకుండా ఇది జరుగుతుందా?

పట్టిక వేసిన పేజీ నా సంచిలో ఉంది. పత్రిక యజమాని మెరిల్ హాక్ దాన్ని ఇవాళే ఇమ్మన్నాడు. ఎప్పుడూ లోపలెక్కడో ట్రాక్టరు ప్రకటనల పక్కన పడేసే నా శీర్షికని ఈసారి మొదటి పేజీలో వేస్తానన్నాడు. అచ్చయితే అక్క ఊళ్లో తలెత్తుకోలేదు. వెయ్యకపోతే నేనిన్నాళ్లూ రాసినదంతా నాటకం. అమ్మ పోయాక నాకని మిగిలిన మనిషి అక్క ఒక్కతే. కారులో అంతసేపు ఎందుకు కూర్చున్నానో ఇప్పుడు తెలిసింది కదా. రండి.

శనివారం కాబట్టి అక్క ఇంట్లో ఉండదని తెలుసు. ఇంటి వెనక, నీళ్ల వైపు తిరిగి ఉన్న సౌనాలో ఉంటుంది. మా ఇళ్లల్లో శనివారం సాయంత్రం ఆవిరి స్నానం తప్పదు. ముందు ఆడవాళ్ల వంతు, చీకటి పడ్డాక మగవాళ్ల వంతు. మగవాళ్లంటే మా బావ డ్వేన్, ఆయనతో పాటు ప్రతి శనివారం తువ్వాలు భుజాన వేసుకుని వచ్చే మెరిల్. వాళ్లిద్దరూ చిన్నప్పట్నుంచీ స్నేహితులు.

బట్టలు మార్చుకునే బయటి గదిలో అక్క మోకాళ్ల మీద కూర్చుని, రాళ్లు కాచి అణగారిన పొయ్యిని మళ్లీ ఊదుతోంది. గదంతా పొగ.

"తలుపెయ్యి, చలి వస్తోంది. కారులో కూర్చుని ఏం ప్రార్థన చేస్తున్నావే? ఇక్కడికొచ్చే ముందు ఇంటి కిటికీలోంచి చూశా."

"ఫోను మాట్లాడుతున్నా."

"ఎవరూ లేని ఫోనా? సర్లే, ఆ చిన్న పుల్లలు ఇటివ్వు. ఈ దిక్కుమాలిన కాగితాలు అంటుకోవు. మెరుపు తప్ప మంట లేదు. మీ పేపరైతే అగ్గిపుల్ల చూపిస్తే చాలు భగ్గుమంటుంది."

"సంతోషం, దేనికో ఒకదానికి పనికొస్తోందిగా."

"దానికే పనికొస్తోంది," అంది అక్క లేస్తూ.

మామూలుగా అయితే ఇలాంటి మాటలతో సాయంత్రమంతా గడిచిపోయేది. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. కళ్లద్దాలు తీసి మేకుకి తగిలించాను, లోపలికి తీసుకెళితే ఆవిరికి మసకబారి పనికిరావు. సంచి బల్ల కింద పెట్టి, అక్క వెనకే లోపలికి వెళ్లాను.

సౌనాలో గొంతు పెంచకూడదని మా అమ్మ పెట్టిన నియమం. పోట్లాడుకోవాలనుంటే బయటికొచ్చి, బట్టలేసుకుని, అప్పుడు పోట్లాడుకోమనేది. అమ్మ పోయి ఇన్నేళ్లైనా మేమిద్దరం ఆ మాట జవదాటలేదు. అందుకని ఇప్పుడు మీరు వినబోయేదంతా గుసగుసల్లో జరిగిందని గుర్తుపెట్టుకోండి. గోడకి చెవి పెట్టినవాళ్లెవరైనా ఉంటే, ఇద్దరాడవాళ్లు జామ్ ఎలా పెట్టాలో మాట్లాడుకుంటున్నారనే అనుకుంటారు.

అక్క గరిటెతో కాగిన రాళ్ల మీద నీళ్లు చల్లింది. ఆవిరి చుట్టుముట్టింది.

"అక్కా, ఒకటడుగుతా."

"అడుగు."

"ట్రూడీకి గ్రే హెరన్ వాళ్ల డబ్బు అందుతోందా?"

గరిటె అక్క చేతిలో అలాగే ఉండిపోయింది. "నిద్రలో ఉన్నావా నువ్వు?"

"లెక్కలు చూశాను."

"ఆ లెక్కలు రాసేది నేనే. ఏ చెక్కు వచ్చినా నా చేతి మీదుగానే పోవాలి. పోయిన నెల పళ్ల డాక్టరు పంపిన చెక్కు మీద సంతకం లేదని తిప్పి పంపాను. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు, నా పన్ను ఇంకా సలుపుతూనే ఉంది."

"చెక్కు సంగతి కాదు. చేతికివ్వట్లేదు. బయటనుంచి ఆవిడ తరఫున ఖర్చు పెడుతున్నారు. నలభై ఏడు వేలు."

అక్క గరిటె బకెట్లో పెట్టింది.

"అంటే, అది నాకు తెలిసే జరుగుతోందంటావు."

నేను తల ఊపాను.

"నోటితో చెప్పు, నోరీన్."

"తెలీకుండా ఎలా జరుగుతుందనుకున్నా."

"అమ్మ మంచాన పడ్డప్పుడు ఆస్పత్రి బిల్లులు, ఇన్సూరెన్సు వాళ్లతో గొడవ, ఇల్లమ్మిన డబ్బు, అన్నీ నేనే చూశాను. ఒక్కసారన్నా లెక్క అడిగావా నన్ను?"

"లేదు."

"ఎందుకడగలేదు?"

"చూస్తోంది నువ్వు కాబట్టి."

"మరి ఇప్పుడు నన్నెవరనుకుంటున్నావు?"

అరిచి ఉంటే బాగుండేది. గుసగుసగా అడిగేసరికి ఆ మాట నేరుగా లోపలికి దిగింది. నాకు ఏడుపొచ్చింది. చెమట అనుకుంటుందిలే అనుకున్నాను గానీ, అక్కకి ఆ రెండింటికీ తేడా తెలుసు.

"అచ్చేస్తావా?" అని అడిగింది.

"ముందు నిన్నడగాలనే వచ్చా."

"అడిగావుగా. నిజమనుకుంటే వేసెయ్. నా మొహం చూసి ఆగక్కర్లేదు. సోమవారం ట్రూడీకి చెప్పి నేను తప్పుకుంటా. కానీ ఒక్కటి. వచ్చే శనివారం నుంచి సౌనా నీ అపార్ట్‌మెంట్ టబ్బులో చేసుకో. ఇక్కడికి రాకు."

వినేవాళ్లకి అది చిన్న మాటే. మా ఇంట్లో మాత్రం దాన్ని మించిన తిట్టు లేదు. మా నాన్న తన సొంత తమ్ముడిని ఆ మాటన్నాడు, ఆ తర్వాత వాళ్లిద్దరూ శవపేటిక దగ్గరే కలుసుకున్నారు.

నేను తలుపు వైపు లేచాను. అక్క వెనకనుంచి, పట్టించుకోనట్టుగా అడిగింది. "ఆ కమిటీ పేరేంటన్నావు?"

"అనలేదు. బెటర్ షోర్ కమిటీ."

"ఏంటీ?"

"బెటర్ షోర్. పేరుకి సరస్సుని కాపాడేవాళ్లలా ఉంటారు గానీ అది గ్రే హెరన్ వాళ్లదే. నేను తీగ లాగితే తెలిసింది."

అక్క బల్ల మీంచి దిగింది. ఆ వయసులో అంత వేగంగా దిగగలదని నాకు తెలియదు. నన్ను పక్కకి నెట్టి బయటి గదిలోకి వెళ్లింది. వెనకే వెళ్లి చూస్తే, పొయ్యి పక్కన పుల్లలు పెట్టే పెట్టెలో చేతులు పెట్టి కెలుకుతోంది. మసి పట్టిన మెరుపు కాగితాలు ఒక్కొక్కటీ లాగి నేల మీద పరిచింది. పోస్టులో వచ్చే ప్రచార కాగితాలు, అట్టలా మందంగా ఉన్నాయి.

"పోయిన వారం నుంచి మొదలయ్యాయి. రోజుకొకటి. ఈ రోడ్డు మీద ఇళ్లన్నిటికీ వస్తున్నాయి. నీకు రాలేదా?"

నాకెలా వస్తాయి? నేనుండేది ఊరి మధ్యలో, ఆఫీసు పైన. నా ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెలో పడతాయి. ఇవి ఊరి బయట ఇళ్లకి మాత్రమే పంపినట్టున్నారు, గని వస్తే ఉద్యోగాలొస్తాయని ఆశపడేవాళ్లంతా ఉండేది అటువైపే.

"అద్దాల్లేవు. నువ్వు చదువు," అన్నాను.

అక్కకి దూరపు చూపు ఇంకా గట్టిదే. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదివింది. "ట్రూడీ బెల్‌రోజ్‌కి మీ పిల్లల తిండి కన్నా చేపల తిండే ముఖ్యం." తిప్పింది. "ట్రూడీని ఇంట్లోనే ఉంచండి, ఉద్యోగాలని ఊళ్లో ఉంచండి." తర్వాత కాగితం అడుగున ఉన్న సన్నక్షరాల దగ్గరికొచ్చి, కళ్లు చికిలించి, ఒక్కో ముక్కా తూచినట్టు చదివింది. "దీని ఖర్చు భరించినవారు, బెటర్ షోర్ కమిటీ."

పొయ్యిలో పుల్ల ఒకటి చిటపటమంది.

"ఇవి తిట్లు," అన్నాను.

"నీకిప్పుడు తెలిసిందా?"

"ఆవిణ్ణి తిట్టడానికి పెట్టిన ఖర్చు."

"నోరీన్, నలభై ఏడు వేలని ఎవరెదురుగా చూశావో అది సరే. దేనికని చూశావా?"

అప్పుడు గుర్తొచ్చింది. కమిషన్ ఫైల్లో ప్రతి ఖర్చు పక్కనా ఒక సన్నటి వరస ఉంటుంది. ఆ ఖర్చు ఆ అభ్యర్థికి అనుకూలమా, వ్యతిరేకమా అని ఒక్క అక్షరంలో చెబుతుంది. ఇన్నాళ్లూ నేను చూసింది చేతికిచ్చే చందాలే. చందా ఇవ్వడంలో వ్యతిరేకం ఏముంటుంది? అందుకని ఆ వరస నాకెప్పుడూ ఖాళీగానే కనబడేది. మా పత్రికలో పట్టికకి దొరికేది అరచేయంత చోటు. పేరు, తేదీ, మొత్తం, ఈ మూడూ చాలు, నాలుగో వరస పడితే అక్షరాలు చీమల్లా అయిపోతాయని మెరిల్ అన్నాడు. నేను తల ఊపి, ఫైలు దించుకోగానే ఆ వరస తీసేశాను. తీసేశాక పట్టిక ఎంత ముచ్చటగా సరిపోయిందో చూసుకుని మురిసిపోయాను కూడా.

ల్యాప్‌టాప్ కారులో ఉంది. ఒంటికి తువ్వాలు, దాని మీద అక్క గౌను, కాళ్లకి బావ రబ్బరు బూట్లు వేసుకుని, అక్టోబరు గాలిలో వాకిట్లోకి పరిగెత్తాను. పక్కింటి కుక్క మొరిగింది. ఆ వేషం చూసి మొరగకపోతే దాని తప్పే. తిరిగొచ్చి, అద్దాలు పెట్టుకుని, తడి వేళ్లతో అసలు ఫైలు తెరిచాను. ఆ సన్న వరస ఉన్న చోటనే ఉంది. ట్రూడీ పేరున్న ప్రతి చోటా పై నుంచి కింది దాకా ఒకటే అక్షరం.

"ఏమంటోంది?" అంది అక్క, చూడకుండా.

"వ్యతిరేకం. అన్నీ వ్యతిరేకమే."

గుండెల మీంచి బండ దిగినట్టయింది. పుల్లల పెట్టె మీద కూలబడ్డాను. ట్రూడీ మాట తప్పలేదు. అక్క నాకు అబద్ధం చెప్పలేదు. కమిటీ ఎవరిదో నాకు తెలుసు, కాగితాలు వస్తున్నాయని అక్కకి తెలుసు, శుక్రవారం రాత్రే ఒక్క ఫోను చేసుకుని ఉంటే ఇద్దరం హాయిగా నిద్రపోయేవాళ్లం.

"అక్కా, నన్ను..."

"నోర్ముయ్. ముందు నన్ను నవ్వనీ."

నిజంగానే నవ్వింది. గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని, గుసగుసగానే నవ్వింది. అలా చప్పుడు లేకుండా నవ్వడం మా ఇద్దరికీ చిన్నప్పట్నుంచీ అలవాటు. ఒకళ్లని చూసి ఒకళ్లం ఆపుకోలేకపోయాం.

"నలభై ఏడు వేలా," అంది కళ్లు తుడుచుకుంటూ. "ట్రూడీని తిట్టడానికి? నాకు ఫోన్ చేసుంటే అందులో పదో వంతుకి నేనే తిట్టేదాన్ని. ఆవిడ రసీదులు ఎలా పంపుతుందో తెలుసా? బూట్ల పెట్టెలో. సగం వాటి మీద పెరుగు మరకలు."

"శనివారం సౌనాకి రావచ్చా మరి?"

"ఆలోచిస్తా." తర్వాత నా తడి జుట్టు మీద చెయ్యి వేసి, ఒక్కసారి గట్టిగా లాగింది. చిన్నప్పుడు క్షమించినప్పుడల్లా అలాగే లాగేది. "ఇంకోసారి నా మీద అనుమానం వస్తే, కారులో కూర్చుని ఏడవకు. లోపలికొచ్చి అడుగు."

"ఏడవలేదు."

"కిటికీలోంచి చూశానన్నాగా."

మళ్లీ లోపలికెళ్లాం. ఈసారి ఆవిరి ఒంటికి హాయిగా తగిలింది. ఒళ్లు ఎర్రబడేదాకా కూర్చుని, పరిగెత్తుకెళ్లి సరస్సులో ఒక్క మునక వేసి, కేకలు మింగుకుంటూ తిరిగొచ్చాం. బట్టలేసుకుని సౌనా అరుగు మీద కూర్చునేసరికి నాకు లోకమంతా కడిగినట్టు కనబడింది. అక్క ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, యాలకుల రొట్టె కోసి పెట్టింది. శుక్రవారం నుంచి నాకు తిండి రుచి తెలియలేదు. మూడు ముక్కలు వరసగా తిన్నాను, అక్క లెక్కపెట్టి మరీ దెప్పింది.

సంచిలోంచి పాత పేజీ తీసి నిలువునా చింపాను. ఇప్పుడు అసలు వార్త వేరే ఉంది. సరస్సుని కాపాడేవాళ్ల పేరు తగిలించుకుని, గని కంపెనీ సైన్సు టీచరుని ఓడించడానికి నలభై ఏడు వేలు పోస్తోంది. మొదటి పేజీకి ఇంతకన్నా ఏం కావాలి? మెరిల్ ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

"ఆ కాగితం ఒకటివ్వు, పేపర్లో బొమ్మ వేద్దాం," అన్నాను.

అక్క మసి తక్కువున్నదొకటి ఏరి ఇచ్చింది. ఈసారి ముక్కు మీద అద్దాలున్నాయి. లోపల అద్దాల్లేనప్పుడు రంగు మరకలా కనబడిన బొమ్మ ఇప్పుడు స్పష్టంగా ఉంది. ట్రూడీ. చేతిలో బీరు సీసా, తల వెనక్కి వాల్చి పడీ పడీ నవ్వుతోంది. మీ ఉద్యోగాలు పోతుంటే ఈవిడకి నవ్వొస్తోంది అని కింద రాశారు. ఆవిడ వెనక దేవదారు చెక్కల గోడ, గోడకి అందం కోసం తగిలించిన పాత రాగి గరిటె.

నేను తల తిప్పి చూశాను. ఆ గరిటె నా భుజం వెనకే వేలాడుతోంది.

"అక్కా, ఇది ఈ అరుగే."

"ఇలా తే." చూసింది. "జూలైలో తీసింది. ట్రూడీకి చందాలిచ్చిన వాళ్లకి ఇక్కడ చేపల విందు పెట్టామే, ఆ రోజుది. తీసింది నువ్వేగా?"

నేనే తీశాను. ఆఫీసు కెమెరాతో. ట్రూడీ మరీ పగలబడి నవ్వుతోంది, ఇది పేపర్లో బాగోదని మెరిల్ పక్కన పెట్టేశాడు. నా దగ్గర కాపీ లేదు. ట్రూడీకీ పంపలేదు. కెమెరా కార్డు ఇప్పటికీ ఆయన సొరుగులో, తాళం కిందే ఉంది.

మూడు వరసలు చాలన్నదీ ఆయనే. మొదటి పేజీలో వేద్దామన్నదీ ఆయనే.

అక్కకి విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. నా మొహం చూసి కాఫీ కప్పు కింద పెట్టింది. సరిగ్గా అప్పుడే ఇంటి పక్కనుంచి బండి తలుపు వేసిన చప్పుడు, బావ పలకరింపు, గులకరాళ్ల మీద అడుగుల చప్పుడు వినిపించాయి. చీకట్లోంచి మెరిల్ హాక్ అరుగు దీపం కిందికి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, మొహం నిండా నవ్వు.

"ఏమ్మా నోరీన్, పేజీ తెచ్చావా? స్నానమయ్యాక తీసుకోనా, ఇప్పుడే ఇస్తావా?"

ఆ కాగితాన్ని దాచాలని నాకు తోచింది. అక్కకి తోచలేదు. రొట్టె పళ్లెం పక్కకి జరిపి, కాగితాన్ని బల్ల మధ్యలో, బొమ్మ పైకి కనబడేలా పరిచింది. అంచులు లేవకుండా అరచేత్తో సాపు చేసింది.

మేమిద్దరం బయటే ఉన్నాం. బట్టలు కూడా వేసుకునే ఉన్నాం.

"కూర్చోండి మెరిల్ గారూ," అంది అక్క, ఆ సాయంత్రం మొదటిసారిగా గొంతు పెంచి.